ఒక్క రోజు సాహసం... ఖర్చెంత బిడ్డా?

మంచు మీద జారాలని పిల్లలకు ఉంటుంది. జనగామలో మంచెక్కడిది? మానుకోటలో, భూపాలపల్లిలో మాత్రం ఎక్కడుంది? అయితే సాహసం కోరుకునే పిల్లలకు కొండలున్నాయి, తాళ్లున్నాయి. ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరే దారులూ ఉన్నాయి. కావలసిందల్లా ఓ కాగితం, ఓ పెన్సిలు.

టీవీలో తెల్లటి కొండ. ఓ కుర్రాడు రెండు కాళ్లూ ఒకే చెక్కకు బిగించుకుని పాములా మెలికలు తిరుగుతూ జారిపోతున్నాడు. జనగామలోని ఓ ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడు కళ్లార్పకుండా చూస్తున్నాడనుకోండి. తర్వాత వాడి నోట వచ్చే మాట ఏ ఇంట్లోనైనా ఒకటే.

‘నాయినా, మనం గూడ పోదమా?’

తండ్రి నోట వచ్చే మాటా ఏ ఇంట్లోనైనా ఒకటే.

‘ఎంతయితదిరా?’

చాలా ఇళ్లలో ఆ ముచ్చట అక్కడితో ముగిసిపోతుంది. అయితే ‘ఎంతవుతుంది’ అన్నది పిల్లాడి నోరు మూయించే మాట కానక్కర్లేదు. నిజంగానే లెక్క వేసి చూస్తే, దగ్గర్లోనే మరో దారి కనిపించవచ్చు.

మంచు లెక్క

ఆ చెక్క పేరు స్నోబోర్డు. 1998లో జపాన్‌లోని నగానోలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో ఈ ఆటకు తొలిసారి చోటు దక్కింది. మన దేశంలో దీనికి పేరున్న చోటు కశ్మీర్‌లోని గుల్మార్గ్. 2020 మార్చిలో తొలి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరిగిందీ అక్కడే. శ్రీనగర్ నుంచి దూరం 50 కిలోమీటర్లు. అందుకే శ్రీనగర్‌లో బస చేసినవారికి గుల్మార్గ్ ఒక్క రోజు ప్రయాణం. పొద్దున వెళ్లి చీకటి పడే వేళకు తిరిగి వచ్చేస్తారు.

ఆ ఒక్క రోజుకు అయ్యే ఖర్చును విడదీస్తే ఆరు పద్దులు తేలతాయి. మొదటిది బండి. మంచు బాగా కురిస్తే దారిలో తంగ్‌మార్గ్ దగ్గర మామూలు కారు దిగి, టైర్లకు గొలుసులు కట్టిన బండి ఎక్కాల్సి వస్తుంది. రెండోది గొండోలా టిక్కెట్టు. తీగల మీద నడిచే ఈ పెట్టె మనుషుల్ని కొండ పైకి మోసుకెళ్తుంది. మూడోది అద్దె సామాను... బోర్డు, బూట్లు, హెల్మెట్, చలి కోటు. నాలుగోది నేర్పే మనిషికి ఇచ్చే రుసుము. అయిదోది తిండి. ఆరోది చేతిలో ఉంచుకోవలసిన అత్యవసరపు డబ్బు.

అయితే జనగామ నుంచి శ్రీనగర్ చేరడానికే రైల్లో రెండు రోజుల పైమాట. రానూపోనూ ప్రయాణం, బస కలిపితే ఆ ఒక్క రోజు కాస్తా వారం అవుతుంది. నలుగురున్న కుటుంబానికి అది పండగ ఖర్చు కాదు, పెళ్లి ఖర్చు!

హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో స్నో వరల్డ్ మొదలైనప్పుడు మన జిల్లాల పిల్లలు చాలామంది తొలిసారి మంచును ముట్టుకుంది అక్కడే. కోటు తొడుక్కుని, మంచు ఉండలు విసురుకుని మురిసిపోయారు. కానీ అది నాలుగు గోడల మధ్య పేర్చిన మంచు. స్నోబోర్డుకు కావలసినంత వాలు అందులో లేదు.

మంచుకు ముందు రాయి

మంచు కొండ ఎక్కాలన్నా ముందు రాతి కొండ దగ్గరే ఓనమాలు దిద్దినవాళ్లున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్న ఈ పిల్లలు తాడు పట్టడం నేర్చింది భువనగిరి కొండ మీద. ఆ తర్వాతే డార్జిలింగ్, లద్దాఖ్‌లలో మంచు మీద శిక్షణ తీసుకున్నారు.

ఆ భువనగిరి జనగామకు రైలు దారిలో 40 కిలోమీటర్లు కూడా లేదు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన కోట అది. ఊరి మధ్య ఒకే రాయిగా లేచి నిలబడిన కొండ. రైలు కిటికీలోంచి దాన్ని వందసార్లు చూసినవాళ్లు జనగామలో, మానుకోటలో వేలమంది ఉంటారు. ఎక్కినవాళ్లు ఎందరు?

మరో కొండ ఇంకా దగ్గర, భూపాలపల్లి వాళ్లకు. రేగొండ మండలంలోని పాండవుల గుట్ట ఇసుకరాతి పొరల కొండ. ఆదిమానవులు గీసిన రంగు బొమ్మలు దాని గుహల్లో ఈనాటికీ కనిపిస్తాయి. ఎదురుపాండవులు, గొంతెమ్మ గుహ అంటూ స్థానికులు ఒక్కో చోటునూ ఒక్కో పేరుతో పిలుచుకుంటారు. నిలువుగా లేచిన ఈ బండల మీద అటవీ శాఖ ఆధ్వర్యంలో రాక్ క్లైంబింగ్ శిబిరాలు జరిగాయి. అయితే అక్కడైనా, భువనగిరిలోనైనా శిక్షకులు రోజూ కాచుకుని ఉంటారని అనుకోవద్దు. శిబిరం ఎప్పుడో, ఒక్కో మనిషికి ఎంతో ముందే ఫోనులో కనుక్కుని బయల్దేరాలి. పెట్టె సర్దడానికి ముందు చేయాల్సిన పని ఇదే.

కాలం కూడా కలిసొస్తుంది. గుల్మార్గ్‌లో మంచు ఆట డిసెంబరు నడుమ నుంచి మార్చి వరకు. మన రాతి కొండలకూ చలికాలమే అనువు. ఎండాకాలం బండ పెనంలా కాలుతుంది. వానాకాలం నాచు పట్టి జారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున పూట అయితే మేలు.

మూడు ఊళ్లు... మూడు లెక్కలు

కొండ ఒకటే అయినా మూడు ఊళ్ల నుంచి ఖర్చు ఒకటి కాదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ నుంచి విడిపోయిన ఈ మూడు జిల్లా కేంద్రాలకూ దారులు వేరు.

జనగామ: రైలూ ఉంది, హైదరాబాద్ రహదారి మీద బస్సులూ ఉన్నాయి. పొద్దున ఆరింటికి బయల్దేరినా ఎండెక్కక ముందే భువనగిరి కొండ కింద ఉండొచ్చు. ఒక బండి తప్పితే ఇంకొకటి దొరుకుతుంది. ఖర్చు తక్కువ, కంగారూ తక్కువ.

మహబూబాబాద్: జనం నోట మానుకోట. ఇక్కడి నుంచి వరంగల్, కాజీపేట మీదుగా భువనగిరికి రైల్లో 150 కిలోమీటర్ల పైనే. జనరల్ టిక్కెట్టు చవకే. కానీ ఇక్కడ డబ్బు కన్నా గడియారం ముఖ్యం. తిరుగు రైలు తప్పితే రాత్రి లాడ్జీ ఖర్చు నెత్తిన పడుతుంది. అందుకే మానుకోట వాళ్లు లెక్కను సాయంత్రం రైలు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకోవాలి. రైలు ఎన్నింటికి? స్టేషనుకు ఎన్నింటికి చేరాలి? కొండ ఎన్నింటికి దిగాలి? అలా లెక్కిస్తే, ఎక్కడానికి మిగిలేది ఎన్ని గంటలో తెలుస్తుంది.

భూపాలపల్లి: రైలు లేదు, పరకాల మీదుగా బస్సులే. భువనగిరి వెళ్లాలంటే హనుమకొండలో బండి మారాలి. కానీ పాండవుల గుట్ట సొంత జిల్లాలోనే ఉంది. సింగరేణి కార్మికుడి ఇంట్లో ప్లేడే నాడు బైకు తీస్తే చాలు. రానూపోనూ 60 కిలోమీటర్లు అనుకుని, కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే నాలుగు లీటర్ల పెట్రోలు. లీటరు 110 చొప్పున 440 రూపాయలు.

కాగితం మీద పెడితే...

జనగామ నుంచి నలుగురు భువనగిరి వెళ్తున్నారనుకుందాం. అమ్మ, నాన్న, పద్నాలుగేళ్ల కొడుకు, పదేళ్ల కూతురు. కొండ ఎక్కేది పిల్లలిద్దరే. ఇక్కడ వేసిన ధరలు లెక్క చూపడానికి అనుకున్నవి మాత్రమే. బయల్దేరే ముందు ఎవరికి వారు అసలు ధరలు వేసుకోవాలి.

బస్సు: 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో రాష్ట్రంలోని మహిళలకు, బాలికలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు సున్నా. స్థానిక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు మాత్రం మరవకూడదు. మిగిలింది తండ్రీకొడుకులు. ఒకవైపు 80 చొప్పున రానూపోనూ 320 రూపాయలు.

ఆటో: బస్టాండు నుంచి కొండకు, తిరిగి బస్టాండుకు 200.

ప్రవేశ టిక్కెట్లు: 100.

శిక్షణ, తాళ్లు, హెల్మెట్ల అద్దె: ఒక్కొక్కరికి 1,000 చొప్పున ఇద్దరికి 2,000.

తిండి: ఇంటి నుంచి పులిహోర, సర్వపిండి. వాటి సరుకులు, చాయ్, నీళ్లు కలిపి 400.

మొత్తం 3,020. దీని మీద అయిదో వంతు, అంటే సుమారు 600 రూపాయలు విడిగా ఓ కవరులో పెట్టుకోవాలి. కాలు బెణికితే ఆసుపత్రికి, బస్సు తప్పితే ఆటోకు. ఖర్చు కాకపోతే ఇంటికి తిరిగి వచ్చే డబ్బే అది. కవరుతో కలిపి 3,620.

కాగితం మీదికి ఎక్కని పద్దు ఒకటుంది... ఆ రోజు పోయే కూలి. జనగామ వైపు పత్తి ఏరే రోజుల్లో, మానుకోట వైపు మిర్చి కోతల్లో ఒక పూట మానితే ఎంత నష్టమో ఆ ఇంటి ఇల్లాలికే తెలుసు. సంక్రాంతి సెలవుల్లో పని లేని రోజు చూసుకుంటే ఆ పద్దు చెరిగిపోతుంది.

కోత ఎక్కడ?

ఇప్పుడు కాగితాన్ని మరోసారి చూడండి. 3,020లో 2,000 శిక్షణకే. మూడింట రెండు వంతులు! ఖర్చు తగ్గించాలనుకునే ఎవరి కన్నయినా నేరుగా అక్కడే పడుతుంది. ‘కొండే కదా, ఎక్కలేమా? తాడెందుకు, సారెందుకు?’ అనిపిస్తుంది.

ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. గుల్మార్గ్‌లోనూ ఇదే తంతు. బోర్డు అద్దెకు తీసుకుని, నేర్పే మనిషిని వద్దనుకునేవాళ్లు ఉంటారు. స్నోబోర్డు కొత్తగా ఎక్కినవాళ్లు పడటం మామూలు. పడేటప్పుడు చేతులు కింద ఆనించి మణికట్టు విరగ్గొట్టుకోవడమూ మామూలే. శిక్షకుడు మొదట నేర్పేది జారడం కాదు, పడటం. బండ మీదా అంతే. పిల్లాడు పట్టు తప్పినప్పుడు వాణ్ని గాలిలో ఆపేది నడుముకు బిగించిన పట్టీ, పైన గట్టిగా కట్టిన తాడు, కింద ఆ తాడు కొస పట్టుకున్న మనిషి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగతా రెండూ ఉండి లాభం లేదు.

మరి తగ్గించుకునేదెలా? బండి ఖర్చును పంచుకోండి. రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకుంటే తలా కొంత పడుతుంది. హోటల్ తిండి మానండి. పెద్దలు ఎక్కకుండా పిల్లల్నే ఎక్కించండి. అయితే గుంపుగా వెళ్లినప్పుడు, ఒక్కో శిక్షకుడు ఎందరు పిల్లల్ని చూస్తాడో అడగండి. బండిలో పదిమంది సర్దుకోవచ్చు, ఒక తాడు మీద సర్దుకోలేరు.

తగ్గించకూడని పద్దు ఇంకొకటి ఉంది... తిరిగి వచ్చే దారి. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది. ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నవారి కోసం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఆ వానల్లోనే ములుగు జిల్లాలోని ముత్యంధార జలపాతం చూడబోయిన పర్యాటకులు వాగు దాటలేక అడవిలో చిక్కుకుపోతే సహాయక బృందాలు వెళ్లి తీసుకొచ్చాయి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె-కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పొద్దున బాగున్న దారి సాయంత్రానికి ఉంటుందన్న హామీ వానాకాలంలో లేదు. వాన సూచన ఉన్న రోజు ప్రయాణం మానుకోవడానికి పైసా ఖర్చు లేదు.

కాబట్టి కాగితం మీద రెండు పద్దుల చుట్టూ ఎర్రగీత గీయండి. పట్టుకునే తాడు ఒకటి. ఇంటికి తెచ్చే దారి మరొకటి. మిగతావన్నీ మీ ఇష్టం. ఈ రెండింటికీ డబ్బు చాలకపోతే ఆ నెల ఆగి, వచ్చే నెల వెళ్లండి. కొండ ఎక్కడికీ పోదు.

ఇక జనగామ ఇంటికి వద్దాం. టీవీ ఆపేశారు. పిల్లాడి నోటు పుస్తకంలో చివరి పేజీ చింపి తండ్రి లెక్క వేశాడు. మంచు కొండ ఖర్చు ఒక పక్క, రాతి కొండ ఖర్చు ఇంకో పక్క. పిల్లాడు రెండూ చూసి కాసేపు ఆలోచించాడు.

‘నాయినా, ముందుగాల గిది ఎక్కుత. అది పెద్దగయినంక.’

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

‘సర్వపిండి ఎంతమందికి చెయ్యాల్నో గది గూడ రాయిరి!’