పేరు కుట్టిన గుడ్డ

నాకు వేలంపాటల కేటలాగులు చదివే అలవాటుంది. కొనే స్తోమత లేదు కనుక ఇంట్లోవాళ్లకు దీనివల్ల ప్రమాదమేమీ లేదు. అందరూ నగల పేజీ దగ్గర ఆగితే నేను గుడ్డల పేజీ దగ్గర ఆగుతాను. అందులోనూ నూరేళ్లకు పైబడ్డ ఒక రకం గుడ్డలంటే మరీ ఇష్టం: ఇంగ్లండులో ఆడవాళ్లు ఓటుహక్కు కోసం ఊరేగినప్పుడు మోసిన బ్యానర్లు, భుజం మీదుగా వేసుకున్న పట్టీలు, మెడకు చుట్టుకున్న స్కార్ఫులు.

వీటికి గిరాకీ తెచ్చిపెట్టింది రంగులు. ఎమ్మెలైన్ పాంక్‌హర్స్ట్ 1903లో మాంచెస్టర్‌లో పెట్టిన సంఘానికి 1908లో పెథిక్-లారెన్స్ అనే ఆవిడ మూడు రంగులు ఎంచింది. ఊదా ఆత్మగౌరవానికి, తెలుపు నిర్మలత్వానికి, ఆకుపచ్చ ఆశకు. ఆ ఏడు జూన్ 21న హైడ్ పార్కు సభకు తెల్లబట్టలు కట్టుకుని, ఈ రంగులు పెట్టుకుని రమ్మన్నారు. మంచి ఉపాయం. తెల్ల గౌను చాలామందికి ఉంటుంది, రిబ్బను ముక్కకు పెద్ద ఖర్చు లేదు. దుకాణాలవాళ్లూ ఊరుకోలేదు, ఉద్యమం రంగుల్లో సరుకు తెచ్చి అమ్ముకున్నారు.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. ఊదా, ఆకుపచ్చ ఆ రోజుల్లో మామూలు ఫ్యాషన్ రంగులు కూడా. ఏ రాజకీయమూ ఎరగని పెద్దమ్మ ఎవరో ముచ్చటపడి కొనుక్కున్న శాలువా కూడా ఇవాళ ఉద్యమ వస్తువై కూర్చుంటుంది. ధర మాత్రం పదింతలు. ఉద్యమకారిణి ఎమిలీ డేవిసన్ సంగతే చూడండి. 1913 జూన్‌లో ఎప్సమ్ డెర్బీ పందెంలో రాజుగారి గుర్రానికి అడ్డంగా వెళ్లి, ఆ దెబ్బలతో నాలుగు రోజులకు చనిపోయింది. ఆమె కోటు లోపల రెండు జెండాలు గుచ్చి ఉన్నాయని పోలీసులు రాసుకున్నారు. ఆ రోజు ఆమె దగ్గర ఉన్నదని చెప్పే పట్టీ ఒకటి వేలంలో అమ్ముడై, పార్లమెంటు భవనంలో ప్రదర్శనకూ వెళ్లింది. అది నిజంగా ఆ రోజుదేనా అంటే కొందరు చరిత్రకారులు ఒప్పుకోవడం లేదు. రంగు చూసి గుడ్డను నమ్మకూడదు, కథ విని అసలే నమ్మకూడదు.

పోనీ పట్టును నమ్ముదామా? పట్టుదారానికి పుట్టుకతో ఉండే జిగురు ఉడకబెట్టి తీసేస్తే బరువు నాలుగో వంతు దాకా పోతుంది. పట్టు అమ్మేది తూకం లెక్కన. ఆ నష్టం పూడ్చుకోవడానికి ఐరోపా అద్దకంవాళ్లు దాన్ని తగరం లవణాల్లో ముంచేవారు. పాలలో నీళ్లు కలిపే విద్య మనకొక్కరికే సొంతం కాదన్నమాట. అలా ముంచిన పట్టు నిండుగా, బరువుగా ఒరిగేది, కానీ కొన్ని దశాబ్దాలు గడిచాక, ఎవరూ ముట్టకపోయినా, పెట్టెలో పెట్టినది పెట్టినట్టే నిలువునా చీలిపోతుంది. అందుకే మ్యూజియాల్లో ఇలాంటివాటిని వేలాడదీయకుండా పరిచి ఉంచుతారు, లేదా గొట్టానికి చుట్టి పెడతారు.

ఆ కాలపు బ్యానర్లలో అందమైనవి చాలావరకు మేరీ లౌండ్స్ బృందం గీసినవి. ఆవిడ వృత్తి చర్చి కిటికీలకు రంగుటద్దాలు చేయడం. గుడ్డమీదా అదే చేత్తో పెద్ద రూపాలు, నిండు రంగులు వేసేది. 1908 జూన్ 13న మితవాద సంఘంవాళ్ల ఊరేగింపులో ఆ బ్యానర్లు నడిచాయి. చూడ్డానికి అవే బాగుంటాయి, కాదనను. కానీ నన్నడిగితే వాటికంటే రెండు మెట్లు పైన పెట్టాల్సిన గుడ్డలు వేరే ఉన్నాయి.

మొదటిది 1910 నాటిది. గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో కుట్టుపని నేర్పే ఆన్ మాక్‌బెత్ రూపకల్పనలో ఒక బొంత తయారైంది. దాని లినెన్ ముక్కల మీద జైల్లో నిరాహారదీక్ష చేసిన 80 మంది సంతకాలు దారంతో కుట్టి ఉన్నాయి. గ్లాస్గోలో ఉద్యమం పెట్టిన బజారులో దాన్ని పెథిక్-లారెన్స్ 10 పౌండ్లకు కొంది. ఇంతకంటే మంచి బేరం నేనెక్కడా చదవలేదు. ఆ జూన్‌లో అదే బ్యానరై లండన్ వీధుల్లో నడిచింది, ఇప్పుడు అక్కడి మ్యూజియం సొత్తు. రెండోది ఇంకా చిన్నది, చేతిరుమాలు. 1912 మార్చిలో లండన్ దుకాణాల అద్దాలు పగలగొట్టి హోలోవే జైలుకెళ్లినవాళ్లు 66 మంది దానిమీద తమ పేర్లు కుట్టారు. ససెక్స్‌లోని వెస్ట్ హోత్లీ అనే పల్లెలో, ప్రీస్ట్ హౌస్ అనే చిన్న మ్యూజియంలో ఉందది. ఇలాంటివాటికి సాక్ష్యం బయటినుంచి తేనక్కర్లేదు. పేరు ఉంది, జైలు రికార్డులో అదే పేరు ఉంది. కుట్టు గీత వంకర పోయిన చోట కూడా మనిషి కనిపిస్తుంది.

నిలిచినవన్నీ ఎవరో జాగ్రత్త చేసినందువల్ల నిలిచాయనుకోకండి. 1908 నాటి, పాంక్‌హర్స్ట్ సంఘం మాంచెస్టర్ శాఖ బ్యానరు లీడ్స్‌లో ఒక చారిటీ దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉండి 2017లో వేలానికొచ్చింది. ఆ తర్వాత మాంచెస్టర్‌లోని పీపుల్స్ హిస్టరీ మ్యూజియం చందాలు పోగుచేసి దక్కించుకుంది. అమెరికాలో, ఆడవాళ్ల ఓటుకు ఒక్కో రాష్ట్రం ఒప్పుకున్నప్పుడల్లా ఉద్యమ నాయకురాలు ఆలిస్ పాల్ ఒక్కో నక్షత్రం కుట్టించిన జెండా ఉండేది. 1920 ఆగస్టులో టెనెసీ ఒప్పుకోగానే 36వ నక్షత్రం పడింది, హక్కు దక్కింది. అంతటి జెండా ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

ఈ కథకు మన వైపు ఒక కొస ఉంది. డౌనింగ్ స్ట్రీట్‌లో రాళ్లు రువ్వి 1910లో హోలోవే జైల్లో ఉన్న ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్, తర్వాత భర్తతో మదనపల్లె చేరింది. 1919లో అక్కడికొచ్చిన టాగూరు జనగణమనకు స్వరం రాసుకున్నది ఆవిడే. 1917లో అడయారులో మహిళా సంఘం మొదలుపెట్టినవాళ్లలో ఆవిడా ఒకరు. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన ఓటు అడగడానికి బ్రిటిష్ మంత్రి మాంటేగు దగ్గరికి వెళ్లిన బృందం వెనకా ఆవిడ చెయ్యి ఉంది. 1921లో మద్రాసు శాసనసభ, ఆస్తి ఉన్న ఆడవాళ్లకే అయినా, ఓటు ఇచ్చింది. అర్జీలతో, తీర్మానాలతో నడిచిన పోరు కనుక మన దగ్గర అలాంటి పట్టీలు దొరకవు. దొరికేవి ఆ తర్వాతి కాలపు ఖద్దరు చీరలు, చేత్తో కుట్టిన జెండాలు, మహిళా సమాజాల కుట్టుపనులు.

అలాంటిదేదైనా మీ ట్రంకుపెట్టె అడుగున ఉంటే, పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాడు వీధిలో కేకేసేలోపే తీసి చూడండి. ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు, ఎండలో ఆరేయొద్దు. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, ఏటా మడతలు మార్చి పెట్టండి. అది ఎవరిది, ఏ ఊరిది, ఏ ఏటిది అన్నది ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి. రాసేది పెన్సిలుతో రాయండి, సిరా అయితే గుడ్డకు అంటుకుంటుంది.