తల్లి పేరిట ఆటస్థలం

1915 ప్రాంతంలో బరోడా నగరంలో ఒక గృహిణి గీతా ప్రవచనానికి వెళ్ళి, సంస్కృతం బోధపడక ఇల్లు చేరింది. మరాఠీ గీత తెచ్చిపెట్టమని కొడుకును కోరింది. అతడు తెచ్చిన పద్యానువాదం కూడా ఆమెకు కొరుకుడు పడలేదు. అయితే నీవే తేలికగా వ్రాయరాదా అని అడిగింది. ఆమె రుక్మిణీదేవి, ఆ కుమారుడు వినోబా భావే. 1918లో ఆమె కన్నుమూసింది. ‘గీతాయి’ రూపుదాల్చినది 1930-31లో. అనువాదమే వృత్తిగా గల నాకు, అడిగిన పాఠకురాలు దాటిపోయిన పిదప పూర్తయిన ఆ గ్రంథం తలపునకు వస్తే మనసు బరువెక్కుతుంది.

ఆమె పేరు పుస్తకంతో ఆగలేదు. బస్తర్‌లో, జగదల్‌పూర్ చేరువనున్న డిమ్రాపాల్‌లో, 1976లో మాతా రుక్మిణీదేవి ఆశ్రమం వెలసింది. నెలకొల్పినవారు వినోబా శిష్యులు ధరంపాల్ సైనీ. మన పోచంపల్లిలో 1951లో భూదానానికి అంకురార్పణ చేసిన ఆచార్యునికి ఈ శిష్యుడు చెల్లించిన దక్షిణ అది. చిత్రమేమంటే, తల్లిని పోగొట్టుకున్నవాడు ఒకరు, ఆమె పేరు నిలిపినవాడు వేరొకరు. నడుమ యాభైయెనిమిదేళ్ళ ఎడం.

యౌవనంలో సైనీ ఒక వార్త చదివారట. దసరా సంత నుండి మరలుతున్న బస్తర్ బాలికలను కొందరు కుర్రవాళ్ళు అల్లరి పెట్టగా, ఆ పిల్లలు వారి చేతులు నరికారని దాని సారాంశం. తక్కినవారు దానిలో క్రౌర్యం చూసి ఉంటారు. ఆయన చూసినది సత్తువ, తెగువ. అక్కడికి వెళ్తానంటే వినోబా వెంటనే ఒప్పుకోలేదు; పదేళ్ళపాటు కదలకుండా ఉండాలని షరతు పెట్టి, అయిదు రూపాయల నోటు చేతిలో ఉంచి దీవించారు.

సైనీ స్వయంగా క్రీడాకారుడు. పదిహేను, ఇరవై కిలోమీటర్లు అలుపన్నది లేక నడిచే గిరిజన బాలికలను చూసి, పలకాబలపంతో పాటు పరుగును కూడా పాఠం చేశారు. అక్షరం ముఖమెరుగని ఇళ్ళ నుండి వచ్చిన పిల్లలు రాష్ట్ర, జాతీయ పోటీల బరిలో నిలిచారు; ఉపాధ్యాయినులు, నర్సులు అయ్యారు. ఒక్క ఆశ్రమం ముప్పైకి పైగా పాఠశాలలైంది. 1992లో పద్మశ్రీ వచ్చింది.

2021 ఏప్రిల్‌లో, ఇరవైరెండుగురు జవానులు నేలకొరిగిన ఎదురుకాల్పుల అనంతరం, మావోయిస్టుల చెరలో చిక్కిన కమాండో రాకేశ్వర్ సింగ్‌ను విడిపించడానికి అడవిలోకి వెళ్ళిన మధ్యవర్తులలో తొంభై దాటిన ఈ వృద్ధుడొకరు. ఆ విశ్వాసం ఒక్కరోజులో సంపాదించినది కాదు.

నిరుడు మా తమ్ముడు పోయాడు. వాలీబాల్ అంటే ప్రాణం వాడికి. స్నేహితులు వాడి పేరిట వెండి కప్పు పెడదామని వచ్చారు. కప్పు సంక్రాంతికి ఒకసారి బీరువాలోంచి బయటికి వస్తుంది, అంతే. ఆ డబ్బుతో మా ఊరి బడి ఆడపిల్లలకు ఏడాది పొడవునా ఆట నేర్పేవారిని పెడదామన్నాను. పదేళ్ళు జరపగలరా అని కూడా అడిగాను. ఆలోచించుకుని వస్తామని లేచారు. వారిలో ఇద్దరు మాత్రం ఆదివారం వచ్చి, బడి వెనుక తుప్పలు కొట్టి, కోర్టుకు కొలతలు వేసి వెళ్ళారు.