హుద్‌హుద్ తెచ్చిన వార్త

దివ్య ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో ఒక చిన్న పక్షి ప్రస్తావన ఉంది. గాలిని సైతం అల్లాహ్ ఎవరికి వశపరిచాడో, ఆ సులైమాన్ (అలై) ప్రవక్త సేనలో ఉన్న హుద్‌హుద్ పిట్ట అది. ఒకనాడు అది ఆలస్యంగా వచ్చి, ఆయనకు తెలియని వార్తను విన్నవించింది. సబా దేశపు రాణి, ఆమె ప్రజలు సృష్టికర్తను విడిచి సూర్యునికి సాష్టాంగపడుతున్నారన్నది ఆ వార్త. గాలిపై అధికారం పొందిన ప్రవక్తకు కూడా ఒక పిట్ట వచ్చి చెప్పేదాకా తెలియని సంగతి ఉందంటే, మన జ్ఞానం, మన శక్తి ఏపాటివి?

ఆ పక్షి పేరునే ఒమన్ దేశం ఒక తుపానుకు సూచించింది. 2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం ఆ హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటింది. బక్రీదు పండుగ జరిగి అప్పటికి ఆరు రోజులే. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి దశాబ్దాల వయసున్న వృక్షాలు వేళ్లతో సహా నేలకొరిగాయి. కరెంటు లేదు, ఫోను లేదు. మా భవనంలోని కుటుంబాలన్నీ కింది అంతస్తులో మెట్ల పక్కన ఒదిగి కూర్చున్నాయి. హోదాలు, ఆస్తులు, పాత తగాదాలు ఎవరికీ గుర్తు లేవు. ప్రతి పెదవీ దుఆ చేస్తోంది.

అంతలో గాలి హఠాత్తుగా ఆగిపోయింది. ముప్పు తప్పిందనుకుని కొందరు వీధిలోకి వెళ్లబోయారు. మా నాన్నగారు వారించారు. అది తుపాను కన్ను. అది మా మీదుగా దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. ఒడ్డుకు చేరాక నిశ్చింతగా ఉండే మనిషిని ఇస్రా సూరా అడిగే ప్రశ్న నాకు ఆ క్షణంలో అర్థమైంది. అల్లాహ్ నిన్ను మరోసారి సముద్రంలోకి పంపితే, పెనుగాలిని నీపైకి వదిలితే, నిన్ను కాపాడేదెవరు? మనం ప్రశాంతత అనుకునేది చాలాసార్లు రెండు గాలుల నడుమ దొరికిన కాస్తంత విరామమే.

అయితే ఆ తుపానులో అసలు పరీక్ష గాలి వీచినప్పుడు జరగలేదు, గాలి ఆగిన తరువాత జరిగింది. మెట్ల పక్కన మాతోపాటు కన్నీళ్లతో ప్రార్థించిన ఒక దుకాణదారు మూడోనాటికి పాల ప్యాకెట్టును రెట్టింపు ధరకు అమ్మాడు. అదే వీధిలో, పెరట్లో పాత నుయ్యి ఉన్న ఒక ముదుసలి తల్లి గేటు బార్లా తెరిచి ఉంచింది. బిందెలతో బారులు తీరిన వారిలో ఒకరు డబ్బు ఇవ్వబోతే, “నుయ్యి నాదే గానీ నీళ్లు నావి కావు గదా బాబూ” అంది. ఇద్దరూ ఒకే గాలిని చూశారు. ఒకరికి భయం గాలితోనే పోయింది. మరొకరికి అది కృతజ్ఞతగా మిగిలింది. నావలో చిక్కుకున్నప్పుడు అల్లాహ్‌నే వేడుకుని, బయటపడగానే భూమిపై అన్యాయానికి దిగేవారి గురించి యూనుస్ సూరా హెచ్చరించింది ఈ స్వభావం గురించే.

ఇక్కడ హజ్రత్ ఇక్రిమా (రజి) గాథ గుర్తుకొస్తుంది. ఆయన అబూజహల్ కుమారుడు. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా జయింపబడినప్పుడు సముద్రమార్గాన పారిపోతుండగా ఓడ తుపానులో చిక్కుకుంది. ఇక్కడ మీ దేవతలెవరూ పనికిరారు, ఏకదైవాన్నే చిత్తశుద్ధితో వేడుకోండని ఓడలోనివారు అన్నారు. నీటి మీద కాపాడేవాడు ఆయన ఒక్కడే అయితే నేల మీద కాపాడేవాడూ ఆయనే కదా అని ఇక్రిమా ఆలోచించారు. ప్రాణాలతో బయటపడితే ముహమ్మద్ (స) చేతిలో చేయి వేస్తానని ప్రమాణం చేశారు. ఒడ్డు చేరాక ఆ మాట మరువలేదు. ఆయన జీవితాన్ని మార్చింది తుపాను ఒక్కటే కాదు, తుపానులో తెలిసిన సత్యాన్ని నేల మీదికి మోసుకురావడం.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై భారం వేయమని మహాప్రవక్త (స) బోధించారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొంది. 2014లో ముందస్తు హెచ్చరికలు అందాయి, లక్షమందికి పైగా సురక్షిత ప్రాంతాలకు తరలారు. ప్రాణనష్టం ఎన్నో రెట్లు తగ్గింది. ఆ హెచ్చరిక, దాన్ని అర్థం చేసుకున్న బుద్ధి, తరలించిన చేతులు అన్నీ అల్లాహ్ అనుగ్రహాలే. సాధనాలను వాడుకోవడం విధేయత. సాధనాలనే నమ్ముకోవడం అజ్ఞానం.

జీవితంలో తుపానులు సముద్రం నుంచే రావు. వైద్యుడు మౌనంగా తల దించుకున్నప్పుడు, ఉపాధి పోయినప్పుడు, బిడ్డ దారి తప్పినప్పుడు కూడా గాలి వీస్తుంది. మన నిస్సహాయత ఆనాడు కొత్తగా పుట్టదు. అది ఎప్పుడూ ఉన్నదే, ఆనాడు మన కంటికి కనిపిస్తుంది, అంతే. సబా నుంచి పిట్ట తెచ్చిన వార్త, బంగాళాఖాతం నుంచి గాలి తెచ్చిన వార్త ఒక్కటే: సాష్టాంగానికి అర్హుడు ఒక్కడే. గాలి ఆగిన తరువాత కూడా ఈ వార్తను మరువని హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.