చెత్తబండి వెంట మా ధర్మపురి

ధర్మపురి అనగానే తెలుగునాటి బంధువులు గోదావరి ఒడ్డున ఉన్న నరసింహక్షేత్రం అనుకుంటారు. మాది ఆ ఊరు కాదు. 1965 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, సేలం నుండి వేరుపడిన జిల్లాకు ముఖ్యపట్టణమైన తమిళనాటి ధర్మపురి మాది. పూర్వం దీని పేరు తగడూరు. ఇక్కడ ఏలిన అతియమాన్ అరుదైన ఉసిరికాయను తాను తినక అవ్వైయారుకు ఇచ్చినాడని తమిళులు నేటికీ చెప్పుకుంటారు. 2011 లెక్కల ప్రకారం ఊరి జనాభా 68,619.

వచ్చిన చుట్టాలను మేము కోటలోని మల్లికార్జునస్వామి గుడికి, పట్టుగూళ్ల మార్కెట్టుకు తీసుకొనిపోవడం మామూలు. ఈమాటు మట్టుకు మేమే చెత్తబండి వెంట నడిచినాము. కారణం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నది.

మొన్న వేసవిలో పగిలిన గాజుగ్లాసును అరటితొక్కలతో కలిపి మా ఇంటినుండే బండిలో వేసినాము. వేరుచేయబోయిన పనిమనిషి అరచేయి తెగినది. ఆమె కోపపడలేదు. "కొంచెం చూసి వేయండమ్మా" అని మా ఇంటావిడతో తెలుగులోనే అన్నది. ఏళ్లతరబడి మా గుమ్మానికి వస్తున్న ఆమెదీ తెలుగే అని మాకు ఆనాడే తెలిసినది!

తరువాతి వారం ఆమె వెంట ఎరువు చేసే చోటికి వెళ్లినాము. కూరల తొక్కలు, పూలదండలు, ఎండుటాకులు తొట్లలో పొరలుగా వేసి పేడనీళ్లు చల్లుతారు. అప్పుడప్పుడు తిరగవేస్తారు. లోపల వేడి పుట్టి, కొన్ని వారాలకు నల్లని ఎరువవుతుంది. ఒక్క ప్లాస్టిక్ సంచి కలిసినా చేత్తో ఏరవలసినదే.

ఇది కొత్త విద్య కాదు. మన రైతుల పెంటదిబ్బ ఇదే గదా! ఇండోరులో ఆల్బర్టు హోవర్డు దీనికి పద్ధతి ఏర్పరచి 1931లో పుస్తకం వ్రాసినాడు. మనకు దగ్గరి బెంగళూరులో సి. ఎన్. ఆచార్య 1939లో పట్టణపు చెత్తను గుంటలలో ఎరువు చేసే విధానం రూపొందించినారు. తడిచెత్త, పొడిచెత్త, అపాయకరమైనది ఇంటివద్దనే వేరుచేయవలెనని 2016 కేంద్ర నియమాలు చెప్పినవి. 2019 జనవరి 1 నుండి తమిళనాడు ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్కును నిషేధించినది. 2021లో ప్రభుత్వమే పసుపుసంచిని మళ్లీ చేతబట్టమన్నది. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇచ్చే సంచి అదే.

అయితే నియమాలు ఎన్ని ఉన్నా, మొదటి పని వంటింటిలోనే. ఇప్పుడు మా ఇంట మూడు బుట్టలున్నవి. గాజుపెంకులను కాగితంలో చుట్టి, చెప్పి, చేతికిస్తాము. ఆమె తెచ్చిచ్చిన గుప్పెడు ఎరువుతో మా మల్లెతీగ చిగిర్చినది.

తమిళంలో 'కుప్పై' అంటే చెత్త. తెలుగులో కుప్ప అంటే కళ్లంలోని పంట. వచ్చే సంఘం విందులో విస్తళ్లు ఒకవైపు, సీసాలు ఒకవైపు వేయిద్దాము. ఆ పని చేసేవారిని కూడా పంక్తిలో కూర్చోబెడదాము. వారూ మన తెలుగువారే గదా!