కొండ లేని దేశంలో

నాది విశాఖ. మేడెక్కితే ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. మాల్దీవుల్లో టీచర్ ఉద్యోగం వచ్చినప్పుడు 'సముద్రం నాకేం కొత్త?' అనుకున్నా. కొత్తేనని మొదటి వారంలోనే తెలిసింది.

ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు, వాగూ లేదు. ఎప్పుడో మునిగిపోయిన అగ్నిపర్వతాల మీద పగడాలు పెరిగి వలయాల్లా ఏర్పడ్డాయి. అవే అటోల్స్. ఆ మాట కూడా వీళ్ల ధివేహి భాషదే. వాటి మీద ఇసుక చేరి దాదాపు 1,200 దీవులయ్యాయి. దేశంలో చాలా భాగం సముద్రమట్టానికి మీటరు ఎత్తు కూడా ఉండదు. అంటే నా నడుము దాకా!

ఓ రోజు బోర్డు మీద కొండ బొమ్మ గీసి పాఠం చెబుతున్నా. ఒక పాప చెయ్యెత్తింది.

"టీచర్, సునామీ వస్తే మీ ఊళ్లో కొండెక్కుతారా?"

"అవును."

"మరి మేం?"

2004 సునామీ నాటికి ఈ పిల్లలు పుట్టలేదు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నారంతే. "అలల జోరుని పగడపు దిబ్బలు తగ్గిస్తాయి" అన్నా. అది నిజమే. కానీ 1998లో, మళ్లీ 2016లో సముద్రం వేడెక్కి ఆ పగడాలే తెల్లబడి ఎన్నో చచ్చిపోయాయని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి అమ్మతో వీడియో కాల్‌లో కైలాసగిరి చూపించమన్నా. స్క్రీన్‌షాట్ తీసి మర్నాడు పాపకి చూపించా.

చాలాసేపు చూసి అడిగింది: "పైకెక్కితే ఏం కనిపిస్తుంది టీచర్?"

"సముద్రమే" అన్నా.