అమ్మాయి ఏం చేస్తుందండీ?

మొన్న శివరాత్రికి పట్టిసం తీర్థం చూద్దామని పుట్టింటికి వెళ్ళాను. పోలవరంలో మా తమ్ముడి గుమ్మంలో కాలు పెట్టానో లేదో, చేతిలో సంచీ అయినా అందుకోకుండా మా మరదలు, "వదినా, ముందు మీరు దానికి చెప్పండి. మీ మాటయితే వింటుంది" అంది.

దానికి అంటే మా మేనకోడలికి. సంగతేవిటంటే పిల్లకి ఓ సంబంధం వచ్చింది. కుర్రాడు బుద్ధిమంతుడు, బాంకులో ఉద్యోగం. అంతా బాగానే ఉంది గాని, వాళ్ళమ్మగారు ఫోన్లో "అమ్మాయి ఏం చేస్తుందండీ?" అని అడిగితే మా తమ్ముడు గుటకలు మింగాట్ట. ఏవని చెబుతాడు పాపం! పిల్ల పొద్దున్నే పత్రికకి వార్తలు రాస్తుంది. తీరికయితే కథలు రాస్తుంది. శుక్రవారం వచ్చిందంటే కొత్త సినిమా చూసొచ్చి చీల్చి చెండాడుతుంది.

"టీచరంటే టీచరు, నర్సంటే నర్సు. ఇదేవిటే అక్కయ్యా, మూడు పడవల మీద కాళ్ళు!" అన్నాడు వాడు. మనిషికి రెండు కాళ్ళేగదరా అంటే నవ్వలేదు.

సరే, చెబుదామనే మేడెక్కాను. ఏదో ఒకటి పట్టుకోవే తల్లీ, ముఖ్యంగా ఆ సినిమాలని తిట్టడం మానెయ్యవే అందామని మెట్లమీదే కూడబలుక్కున్నాను. తీరా చూస్తే దాని బల్లమీద ముళ్ళపూడి వెంకటరమణగారి పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. అక్కడికే నాకు సగం నోరు మూతబడింది.

ఆయన చేసిందీ అదే కదండీ! పైగా మన గోదావరి మనిషి. 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. నాన్నగారిది ఆనకట్ట ఆఫీసులో ఉద్యోగం. ఆయన చిన్నతనంలోనే పోతే సంసారం మద్రాసు చేరింది. 1945లో, నిండా పద్నాలుగేళ్ళయినా ఉన్నాయో లేదో, 'బాల' పత్రికలో కథ అచ్చయింది. 1953లో ఆంధ్రపత్రికలో సబ్‌ఎడిటరు. అక్కడే వార్తలు దిద్దారు, సినిమాలకి సమీక్షలు రాశారు, అక్కినేని నాగేశ్వరరావుగారి జీవితాన్ని 'కథానాయకుని కథ'గా చెప్పారు. ఆ చేత్తోనే మన బుడుగుగాణ్ణి పుట్టించారు. వాడు పుట్టేనాటికి ఈయనకి ముప్ఫై ఏళ్ళు లేవు. ఆ రోజుల్లో ఎవరైనా "అబ్బాయి ఏం చేస్తాడండీ?" అని అడిగితే ఇంట్లోవాళ్ళు ఏం చెప్పేవారో!

ఆ పుస్తకాలు ఇన్నాళ్ళూ నవ్వుకోడానికే చదివాను. ఈసారి పిల్లకి బుద్ధి చెప్పాలనే దురుద్దేశంతో తిరగేశాను గనక వేరే సంగతి కనిపించింది. పత్రికలో కూచుని రాజకీయాలు చూసిన మనిషి గనకే 'రాజకీయ బేతాళ పంచవింశతిక' రాశారు. వచ్చిన సినిమానల్లా చూడవలసివచ్చిన మనిషి గనకే కన్యాశుల్కంలోంచి గిరీశాన్ని లాక్కొచ్చి సినిమాల మీద లెక్చర్లిప్పించారు. ఒక పొయ్యిమీద కాగిన పాలే ఇంకో గిన్నెలో తోడుకున్నాయన్నమాట.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది 'కానుక' కథ. కృష్ణుడికి ఇవ్వదగ్గ మురళి చెయ్యాలని తపించే గోపన్న కథ అది. ఎంత బాగా చేసినా స్వామికి తగదేమోనని బెంగ అతనికి. పత్రికాఫీసులో అలా కుదురుతుందా? రాత్రి వేళకి ఇచ్చి తీరాలి, బాగుందో లేదో తెల్లారాక చూసుకోవాలి. వేళకి పేజీ నింపే మనిషి, ఎన్నటికీ తృప్తిపడని పనివాడి గురించి రాశారు చూడండి! నాకేం ఆశ్చర్యం కలగలేదు. రోజూ టైముకి కూరా చారూ వండిపడేసేవాళ్ళకే, ఎప్పుడో ఒక పూట తీరిగ్గా కూచుని అరిసెలు వండాలని ఉంటుంది.

ఇక సమీక్షలు. ఒకరి సినిమా బాగులేదన్న మనిషి రేపు తనే సినిమాకి మాటలు రాయాలంటే ఎంత గుండె కావాలి! 1962లో 'రక్తసంబంధం'కి రాశారు. నవ్వించడంలో పేరుపడ్డాయన అన్నాచెల్లెళ్ళ కథతో చీరకొంగులు తడిపేశారు. 1967లో తన కథనే బాపుగారి చేతికిచ్చి 'సాక్షి' తీశారు. 1973లో 'అందాలరాముడు', గోదావరి మీద భద్రాచలం దాకా లాంచీలో నడిచే కథ. అప్పుడు నాకు పదేళ్ళు. అది సినిమా అని గాక మా ఏటి కబురని చూశాను. ఇప్పుడు మా ఊరిదగ్గర ఏటికి అడ్డంగా ప్రాజెక్టు లేచింది. 2021లో నదినే స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. నా చిన్నప్పటి ఏరు చూడాలంటే ఆ సినిమా పెట్టుకోవలసిందే.

నేనూ రాశాన్లెండి. పెళ్ళికి ముందు ఒక కథా, ఒక సినిమా మీద నాలుగు పేజీల అభిప్రాయం. కథ తిరుగుటపాలో వచ్చేసింది. అభిప్రాయం చదివి మా నాన్న "ఆడపిల్లకి ఇంత నోరేవిటే" అని నవ్వారు. కోపంగా కాదు, ముద్దుగానే. కోప్పడి ఉంటే ఇంకో నాలుగు పేజీలు రాసేదాన్నేమో! కాగితాలు ట్రంకుపెట్టెలో పెట్టి 1984లో అత్తారింటికి వెళ్ళాను. 1986 ఆగస్టు వరదలో మా ఇంట్లోకి మొలలోతు నీళ్ళొచ్చాయి. తరవాత పెట్టె తెరిస్తే పట్టుచీర బతికింది గాని సిరా బతకలేదు. అప్పట్నించీ ఎవరైనా మీరేం చేస్తారండీ అంటే, "ఏం చెయ్యనండీ, ఇంట్లోనే" అంటున్నాను.

"ఏవిటత్తా, నాకు బుద్ధి చెప్పమని పంపించారా?" అంది పిల్ల, రాస్తున్నది ఆపకుండానే.

"అవునే."

"చెప్పు మరి."

ఏం చెప్పాలో తోచక, "ఆ అబ్బాయి నీ రాతలు చదివాడుటే?" అన్నాను.

"పోయినవారం తనకిష్టమైన సినిమానే తిట్టాను. చదివి, రెండు చోట్ల తప్పు రాశావని మెసేజి పెట్టాడు."

"తప్పేనా?"

"ఒకటి తప్పే. రెండోదానికి ఇంకా పోట్లాడుకుంటున్నాం" అని తల ఎత్తింది. ఆ మొహం చూశాక నాకింక అడగవలసింది కనిపించలేదు.

ఇంతలో కిందనించి మా తమ్ముడు కేకేశాడు. "అక్కయ్యా! వాళ్ళమ్మగారు మళ్ళీ ఫోను. ఏం చెప్పమంటావు?"

మెట్లు దిగి నేనే అందుకున్నాను.

"నమస్కారమండీ, అమ్మాయి మేనత్తని" అన్నాను. "మీరు బుడుగు చదివారా అండీ?"