సెవిల్‌లో సుద్దముక్క లెక్క

స్పెయిన్‌లోని సెవిల్ నగరమున 1670లో వెలసి నేటికిని నడచుచున్న ఎల్ రింకోన్సియో అను తపాస్ (చిన్న పళ్లెముల చిరుతిండి) శాలకు క్రొత్తగా పోవువారిలో కొందరు, కూర్చుండుటకు చోటు లేదనియు, చెంతకు వచ్చి ఏమి కావలెనని అడుగువారు లేరనియు మొదట చిన్నబుచ్చుకొందురు. కాని అచ్చట బల్ల నానుకొని నిలుచుండి తినుటయే తరతరముల ఆచారము. కప్పునుండి వ్రేలాడు ఉప్పు పట్టించి ఆరబెట్టిన పందితొడల క్రింద, జీలకర్ర పరిమళించు పాలకూర శనగల పళ్లెమొకటి ముందుంచుకొని, చల్లని షెర్రీ ద్రాక్షాసవము నొక్కొక్క గుక్కగా సేవించుచు, ప్రక్కనున్న అపరిచితునకు మోచేయి తగులకుండ ఒదిగి నిలుచుటలో ఎంతటి సౌహార్దమున్నదో అనుభవించినగాని తెలియదు. శనగల కూర నెరిగిన మన నాలుకకు ఆ రుచి పరాయిదిగా తోచదు. (కూరగాయల వంటకములందును మాంసపు తునకలు కలియుట ఆ దేశమున సామాన్యము గావున శాకాహారులు ముందుగా అడిగి తెలిసికొనవలెను.)

నాకు అన్నింటికంటె ప్రియమైనది అచ్చట లెక్క వ్రాయు తీరు. తిన్నదాని వెలను పరిచారకుడు మన యెదుటనే కొయ్యబల్లపై సుద్దముక్కతో వ్రాయును. పళ్లెములు వచ్చుకొలది అంకెలు దిగువకు సాగును. సొమ్ము చెల్లింపగనే తుడిచివేయును. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని నడుమ దాపరికమునకు తావులేని ఇట్టి లెక్క యేనాటికైనను గౌరవింపదగినది.

స్పెయిన్‌కు పోవు మిత్రులారా, రాత్రి తొమ్మిదికి ముందు భోజనమునకు తొందరపడకుడు. ఒక్కచోటనే కడుపు నింపుకొనక, రెండు పళ్లెములు ముగించి మరియొక శాలకు నడువుడు.